ఆవిరైపోయిన బెల్లం నీళ్లు

ఆ రోజుల్లో లోకంలో ప్రతిదానికీ ఒక లెక్క ఉంటుందనీ, అది నా ఒక్కడికే తెలుసుననీ నమ్మేవాణ్ని. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఇంటర్ తప్పాను (లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. ఈ మాట ఇప్పటికీ చెప్పకుండా ఉండలేను). మా కొండ ఊళ్లో రాతితో, సున్నంతో కట్టిన పాత చర్చి ఒకటుంది. "మా తాత తాత దీనికి రాళ్లు మోసినాడు" అని ప్రతి ముసలాయనా చెప్పేవాడు. వాళ్ల వాళ్ల వయసులకు తరానికి ఇరవై అయిదేళ్ల చొప్పున కూడితే కింది వీధి తాతల వల్ల ఒక వయసు, పై వీధి తాతల వల్ల ఇంకో వయసు వచ్చాయి. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక, తూర్పు గోడ కట్టిన నలభై ఏళ్లకు పడమటి గోడ కట్టారని ప్రకటించాను. "మరి ఆ నలబై ఏళ్లూ కప్పు దేని మీద నిలబడిందిరా?" అని అడిగింది మా మామ్మ.

ఆ ఏడు వానలకు చర్చి వెనక గోడ బీటలు వారింది. ఫాదర్ క్రిస్మస్ దాకా గడువిచ్చారు. అప్పటికి గోడ బాగుపడితే సరి, లేకపోతే మొత్తం పడగొట్టి సిమెంటు షెడ్డు వేయిస్తామన్నారు. మామ్మ పెళ్లి జరిగింది ఆ గోడల మధ్యే. తాతను సాగనంపిందీ అక్కణ్నుంచే. "షెడ్డేసిన రోజున నాను గుమ్మం తొక్కను" అని తేల్చి చెప్పేసింది. దాంతో కొండ కింది మైదానం నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించారు. "పాత సున్నానికి సిమెంటు పూత్తే ఊపిరాడక సత్తాది" అని ఆయన ఎనిమిది కుండల్లో బెల్లం నీళ్లు నానబెట్టించాడు. అవి పులిశాక కరక్కాయ పొడి కలిపి, ఆ నీళ్లతో సున్నం నూరాలి. కుండల కాపలా నాది. అప్పగించినవాడు మా మేనమామ. ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపే ఉపదేశి ఆయనే. "ఒరే లెక్కలోడా, సుక్క తగ్గినా నాకే సెప్పాల."

రోజూ పొద్దున్నే కుండల్లో పుల్ల ముంచి కొలిచేవాణ్ని. మొదటి రోజు ఒక వేలు తగ్గింది. రెండో రోజు రెండు వేళ్లు. డుంబ్రిగుడ సంత రోజున ఏకంగా అయిదు వేళ్లు! రాత్రంతా ఆలోచించి, ఇది ఆవిరి అని తేల్చాను. సంత నుంచి వచ్చే జనం రాకపోకలకు గాలి వేడెక్కుతుంది, అందుకే ఆ రోజు ఎక్కువ. మామయ్య నా పుస్తకం తిరగేసి, "ఎండలు మరి... అలాగే రాసుకో" అన్నాడు. ఆయన నోటినుంచి వచ్చిన పులుపు వాసనను కూడా ఆవిరి కిందే రాసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మేస్త్రి కుండల్లో కరక్కాయ పొడి (మామ్మ విరేచనానికి ఇచ్చేదీ అదే) గుమ్మరించి వెళ్లిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిరికి తెలియదు.

ఆదివారం ఫాదర్ పశ్చాత్తాపం గురించి ప్రసంగం మొదలుపెట్టారు. ముందుగా డోలక్ వాయించే చిన్నాన్న కడుపు పట్టుకుని లేచి బయటికి పరుగెత్తాడు. వెనకే వడ్రంగి. ఆ తర్వాత ఇద్దరు, ముగ్గురు. ఫాదర్ కళ్లు చెమ్మగిల్లాయి. "బయటికి పోయి ఏడవనక్కర్లేదు నాయనా, దేవుడి ముందే బయటపెట్టేయండి!" అన్నారు. ఆడవాళ్ల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను అలవాటు కొద్దీ లెక్కపెడుతున్నాను: పదకొండు మంది, మనిషికి మూడేసి సార్లు. పన్నెండోవాడుగా బైబిలు బల్ల మీద పెట్టి మామయ్య లేచాడు. "ఏటిరా, నీకూ ఆవిరి తగిలిందేటి?" అని మామ్మ అందరికీ వినపడేలా అంది. ఇక చర్చి చర్చంతా గొల్లున నవ్వింది. ఫాదర్‌కు విషయం చెప్పాక ఆయన బల్ల వెనక కూర్చుండిపోయారు, నవ్వు ఆపుకోలేక.

కుండలు మాత్రం సగానికి వచ్చాయి. క్రిస్మస్‌కు ఇరవై రెండు రోజులే ఉన్నాయి. మామ్మ రోకలి పట్టుకుని చర్చి అరుగు మీద కూర్చుంది. "తాగినోళ్లంతా బేగి బెల్లం తెండి, అడవికెళ్లి కరక్కాయలు తెండి. సున్నం కూడా మీరే నూరాల!" పన్నెండు మంది పొట్టలు పట్టుకునే నూరారు. అంత మెత్తటి సున్నం తన జన్మలో చూడలేదన్నాడు మేస్త్రి.

క్రిస్మస్ ముందు రోజు ఫాదర్ గోడను తట్టి చూసి, పడగొట్టే మాట మానేశామన్నారు. అందరూ వెళ్లాక మామ్మ ఆ గోడకు చెయ్యి ఆనించి అడిగింది: "ఇంకెన్నేళ్లుంటాదిరా ఇది?"

"అరవై," అన్నాను ధీమాగా.

"అందులో నాకెన్ని?"

పుస్తకం తెరిచాను. పెన్సిలు తీశాను. మళ్లీ జేబులో పెట్టేసుకుని, "లెక్క తెగట్లేదు మామ్మా" అన్నాను. మామ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టి, నవ్వుతూ ఇంటికి నడిచింది.

ఇరవై ఏళ్ల ఆ కుర్రవాడు వేసిన లెక్కలన్నీ ఈమధ్య మళ్లీ సరిచూశాను. తప్పు లేనిది ఆ తెగని లెక్క ఒక్కటే.