తిరగేయని కాగితం

కొత్త నూలు బట్టను కోసే ముందు ఒక పూట నీళ్లలో నానబెట్టి, పిండకుండా తీగ మీద ఆరేస్తే, కారిపోయే గంజినీళ్లతో పాటు ఒక వాసన వస్తుంది, సగం పచ్చిపిండి, సగం తడిమట్టి. ఖమ్మంలో మేడ మీద గదిలో ఆడపిల్లలకు కటింగ్ నేర్పే నేను, ఆ వాసన తగిలినప్పుడల్లా చెబుతున్న మాట మరిచిపోయి కిటికీ వైపు చూస్తాను. మా పిల్లలకు నానబెట్టడమంటే విసుగు. ఇప్పుడొచ్చే బట్ట పొట్టిగా అయిపోదు మేడమ్ అంటారు, నిజమే. అయినా నానబెట్టిస్తాను, కొంత బట్ట కోసం, కొంత నా ముక్కు కోసం. మొన్న అట్లా బట్టలు ఆరుతుండగా, కంప్యూటర్ ముందు కూర్చున్న ఒకమ్మాయి, "మేడమ్, డిజైన్ మొత్తం ముందే గీసుకోవాల్నా, బట్ట మీద చూసుకుంట పోతే కాదా?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు చాలా జవాబులు చెప్పాను, అన్నీ పరీక్షలో రాయడానికి పనికొచ్చేవే. ఆ రోజు మాత్రం రేపు చెబుతానన్నాను. మా ఇంట్లో నాన్నకూ అమ్మమ్మకూ మధ్య ఆ వాదన పదేళ్లు నడిచింది మరి, ఇద్దరిలో ఎవరూ గెలవలేదు.

మా దుకాణం బూర్గంపహాడ్‌లో, సంత జరిగే చోటికి కూతవేటు దూరంలో ఉండేది. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. సారపాక కాగితం మిల్లుకు వెదురు మోసే లారీలు పోతుంటే గోడకు తగిలించిన టేపులు కూడా ఊగేవి. ఎండాకాలం మొదలైందంటే అడవి వైపు నుంచి ఇప్పపువ్వు వాసన తియ్యగా, కాస్త మత్తుగా బజారు దాకా వచ్చేది. కొన్నాళ్లకు ఎండుతున్న తునికాకు కట్టల వాసన, ఆ వెనకే మొర్రిపండ్లు, తునికిపండ్లు ఆకు దొన్నెల్లో పోసుకుని సంతకు దిగే ఆడవాళ్లు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే మాకు తెలియని భాష, తొలకరి పడ్డాక మట్టి అంటిన పుట్టగొడుగులు. రంజాన్ ముందు రోజుల్లో అమ్మ నేతిలో సేమియాలు వేయిస్తే ఆ వాసన కుట్టి మడతపెట్టిన జతలకు పట్టుకునేది, బట్టలు తీసుకుపోయేవాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వేవాళ్లు. నా ఆటలన్నీ దుకాణం చెత్తలోంచి పుట్టినవే. ఖాళీ దారపు కండెలకు చీపురుపుల్ల గుచ్చి బండ్లు, విరిగిన గుండీలతో అష్టాచెమ్మా, అరిగిన సుద్దబిళ్లతో వీధిలో తొక్కుడుబిళ్ల గళ్లు. ఆ గళ్లు మాత్రం స్కేలు పెట్టి గీసేదాన్ని, దర్జీ కూతురిని కదా.

అబ్బా, అంటే మా నాన్న, గీత లేకుండా అడుగు వేయని మనిషి. ఎవరి కొలతలు తీసినా పొడుగాటి నోటుబుక్కులో రాసి, పాత పేపరు మీద ఆకారం గీసి, ఆ కాగితాన్ని వేరే కత్తెరతో కోసి, బట్ట మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, మళ్లీ టేపుతో కొలిచి, అప్పుడు గానీ అసలు కత్తెర తీసేవాడు కాదు. నల్ల పిడి ఉన్న ఆ బరువైన కత్తెరను పాత తువ్వాలలో చుట్టి ఉంచేవాడు. దానితో కాగితం కోస్తే పదును పోతుందని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, నన్ను అసలే ముట్టనిచ్చేవాడు కాదు.

నానీది వేరే దారి. నానీ అంటే మా అమ్మమ్మ, తాత పోయాక మా దగ్గరే ఉండేది. వాళ్లింట్లో తరతరాలుగా దూది ఏకినవాళ్లే, ఆమె చేతికి బొంతలు కుట్టడం వచ్చు. కోయగా మిగిలిన ప్రతి ముక్కనూ అబ్బా మూటగట్టి గిరాకీలకు తిరిగిచ్చేసేవాడు, దర్జీ బట్ట దాచుకుంటాడన్న మాట ఆయనకు పడదు. ఉంచుకో అన్నవాళ్ల ముక్కలు మాత్రం నానీ గోనెసంచిలోకి పోయేవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ సంచి నేల మీద బోర్లించి, ముక్కల్ని పరిచి, తమలపాకు నములుతూ వాటిని చూస్తూ కూర్చునేది. ఎంతసేపు చూస్తుందో ఆమెకే తెలియదు. ఉన్నట్టుండి ఒక ఎర్ర ముక్క తీసి మధ్యలో పెట్టేది, అక్కడి నుంచి బొంత పెరిగేది. ఎంత పెద్దదవుతుందో, ఏ రంగుతో ఆగుతుందో అడిగితే, "నాకేం ఎరుక బిడ్డా, కుడితే తెలుస్తది," అనేది.

"అత్తమ్మా, ఒక మూల జానెడు ఎక్కువొచ్చింది," అని అబ్బా దుకాణంలోంచి టేపు ఊపేవాడు.

"ఆ మూల నీ కాళ్ల దిక్కు ఏసుకో అల్లుడా, నీ కాళ్లు పొడుగే," అని ఆమె తల ఎత్తకుండా అనేది.

పదకొండేళ్ల నాకు ఇద్దరి పనీ వచ్చేసిందనే అనుకున్నాను. గుండీలు కుట్టేదాన్ని, కాజాలు అమ్మతో సమానంగా కుట్టేదాన్ని, మిషన్ మీద తిన్నని కుట్టు వేసేదాన్ని. కోయడం ఒక్కటే రాదు, రాదని కాదు, ఇవ్వలేదని నా ఏడుపు. ఆ కత్తెర ఒక్కసారి చేతికొస్తే చాలు, అబ్బా నన్ను దర్జీగా లెక్కలోకి తీసుకుంటాడని రోజూ ఎదురుచూసేదాన్ని.

అప్పుడే కన్నమ్మ వచ్చింది. అడవి లోపల గూడెం ఆమెది. ఆ వేసవంతా సారపప్పు, చీపుర్లు అమ్ముకుని, సంతలో ఆకుపచ్చ బట్ట మీద చిన్న చిన్న పసుపు పూలున్న తాను చూసి, కూతురికి పరికిణీ జాకెట్టుకని సరిగ్గా సరిపోయేంత కొనుక్కుని తెచ్చింది. బళ్లు తెరిస్తే ఆ పిల్ల మొదటిసారి హాస్టల్‌కు పోతుంది. వచ్చే సంతకు వస్తాం, అక్కణ్నుంచే బస్సెక్కిస్తా అని చెప్పి, బట్టను రెండు చేతులతో అబ్బాకు అందించింది. అటువంటి బట్ట ఇంకోటి దొరకదు, ఆ తాను ఆ రోజే అయిపోయింది.

అబ్బా నానబెట్టాడు, ఆరేశాడు, పరికిణీ కోశాడు, జాకెట్టు ఒళ్లు కోశాడు. శుక్రవారం నాటికి జాకెట్టు చేతులు మిగిలాయి. రెండు చేతులకూ సరిపోయే ముక్క ఉంది కానీ, మడత వేసి ఒకేసారి రెండూ కోసేటంత వెడల్పు లేదు. బల్ల మీద బట్ట పరిచి, పక్కన చేతి ఆకారానికి కోసిన కాగితం పెట్టి, అబ్బా జుమ్మా నమాజుకు పోయాడు. అమ్మ వెనక వంటలో ఉంది, నానీ కునుకు తీస్తోంది. తువ్వాల విప్పాను. నా తెలివేమంటే, సొంతంగా ఏమీ చేయకూడదు, అబ్బా కాగితం ఎట్లా చెబితే అట్లా చేస్తే తప్పు ఎక్కడ వస్తుంది? కాగితం పెట్టి, చుట్టూ సుద్దతో గీసి కోశాను. మళ్లీ అదే కాగితాన్ని అట్లాగే జరిపిపెట్టి, గీసి, కోశాను. ఒక్క దారం కూడా గీత దాటలేదు. ఆ కత్తెర బట్టలో పోతుంటే వచ్చే కరకర చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది, అంత సంతోషం మళ్లీ ఏ పనిలోనూ కలగలేదు.

జాకెట్టు చేతికి చంక దగ్గర ముందువైపు గుంత కాస్త లోతుగా ఉంటుంది. కుడికి ఒకవైపు, ఎడమకు ఇంకోవైపు. రెండోసారి కాగితాన్ని తిరగేసి పెట్టాలి. నేను తిరగేయలేదు. నమాజు నుంచి వచ్చిన అబ్బా రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసి, ఒకదాన్ని బోర్లించి చూసి, పువ్వులు లోపలికి పోవడం చూసి, కుర్చీలో కూర్చున్నాడు. రెండూ ఎడమ చేతులే. ఆయన నన్ను కొడితే బాగుండునని అనుకున్నాను. ఆయన ఒక్క మాటే అన్నాడు, "ఆ తల్లికి ఏం చెప్పాలె?"

నానీ లేచి వచ్చింది. రెండు చేతుల్నీ నేల మీద పెట్టుకుని, ఎప్పటిలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత గోనెసంచిలోంచి ఎర్రటి మల్లుబట్ట ముక్క తీసింది. చెడిపోయిన చేతిని పట్టీలు పట్టీలుగా కోసి, నడుమ ఎరుపు అతికితే కుడి చేతికి చాలినంత బట్ట వస్తుందని చెప్పి, నేల మీదే పేర్చి చూపించింది. చూడ్డానికి బాగుంది కానీ ఆకారం కుదరలేదు, పైన ఎక్కువొచ్చింది, కింద చాలలేదు. అబ్బా లేచి కాగితాన్ని ఈసారి తిరగేసి ఆమె ముందు పరిచాడు. "దీంట్ల పేర్చు అత్తమ్మా," అన్నాడు. ఆమె పేర్చింది, ఆయన టేపుతో కొలిచి సర్దాడు, మళ్లీ ఆమె ఒక పట్టీ తీసి చోటు మార్చింది. ఆ వాదన మొదలైనప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒకే బట్ట మీద వంగడం అదే మొదటిసారి.

కుడి చెయ్యి కుదిరింది. అప్పుడు నానీ మంచిగా ఉన్న ఎడమ చేతిని కూడా ముందుకు జరిపింది. "దీన్ని గూడ కొయ్యాలె అల్లుడా. లేకపోతే చెడింది చెడినట్టే కనపడ్తది."

బాగున్న బట్టను, అందులో పరాయివాళ్ల బట్టను, పాడుచేయడమంటే అబ్బాకు మనసొప్పదు. ఆ ముక్కను వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. వచ్చి, దాని మీద స్కేలు పెట్టి నాలుగు గీతలు గీసి, కత్తెరను నా వైపు జరిపాడు.

"నువ్వే కొయ్యి. ఇయ్యాల పక్కకు పెడితే ఇంకెప్పుడు పట్టవు."

ఏడుస్తూనే కోశాను. గీతలు కనపడక మధ్యలో రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను.

సంతనాడు కన్నమ్మ కూతురితో వచ్చింది. అబ్బా జాకెట్టు చూపించకముందే, "మా దిక్కు పొరపాటైంది చెల్లె, బట్ట చెడింది, అతికి కుట్టినం, నచ్చకపోతే ఏం చెయ్యమంటవో చెప్పు," అన్నాడు. ఆమె జాకెట్టును తిరగేసి లోపలి కుట్లు లాగి చూసింది. పిల్లకు తొడిగి, "చేతులు లేపు," అంది. పిల్ల లేపింది, దించింది, ఎరుపూ ఆకుపచ్చా పట్టీలను వేలితో ఒక్కొక్కటే తడుముకుంది.

"ఎవరు చెడగొట్టిన్రు సాయిబన్నా?"

అబ్బా నా వైపు చూశాడు. కన్నమ్మ మిషన్ వెనక దాక్కున్న నన్ను చూసింది. "ఈ బిడ్డనా? కొడ్తివా ఏంది?"

"లేదు. కత్తెర ఇచ్చిన."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కుట్టుకూలి అబ్బా తీసుకోలేదు. మరుసటి సంతకు ఆకులో పొట్లం కట్టిన సారపప్పు మా గడప మీద ఉంది, దానితో నానీ పాయసం చేసింది. ఆ పొట్లం విప్పే దాకా నాకు అన్నం సహించలేదని ఎవరికీ చెప్పలేదు.

తర్వాత తర్వాత సంతలోకి కుట్టిన బట్టలే కుప్పలుగా రావడం మొదలైంది. నేను డిగ్రీలో ఉండగా నానీ చూపు మందగించి, సగం కుట్టిన బొంతను సంచిలో పెట్టేసి, దాన్ని మళ్లీ తీయకుండానే పోయింది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో అబ్బా ఆ బొంతను తీసి పూర్తిచేశాడని నాకు చాలా రోజులకు తెలిసింది. ఇప్పుడు అబ్బా లేడు, రోడ్డు వెడల్పులో దుకాణం పోయింది, గోనెసంచీ సుద్దబిళ్లలూ ఎటు పోయాయో తెలియదు. బొంత నా దగ్గరుంది.

ఆ అమ్మాయి అడిగిన మర్నాడు దాన్ని క్లాసుకు తీసుకుపోయి బల్ల మీద పరిచాను. నానీ కుట్టు ఆగిన చోట అబ్బా నీలం సుద్దతో స్కేలు పెట్టి గీసిన గీత ఇంకా కనపడుతుంది. ఆయన కుట్టు ఆ గీత మీదే జానెడు దూరం తిన్నగా నడిచి, ఒక ఎర్ర ముక్క దగ్గర పక్కకు తిరిగి, దాని చుట్టూ పోయింది. అక్కణ్నుంచి చివరి దాకా గీత లేదు, కుట్టు మాత్రమే ఉంది. పిల్లలు చాలాసేపు దాన్ని వేళ్లతో తడిమారు. అడిగిన అమ్మాయి వంగి వాసన చూసి, "పాతబడ్డది మేడమ్, ఒక్కసారి నీళ్లల్ల నానబెడుదమా?" అంది.

వద్దన్నాను. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా తడపలేదు, తడిపితే ఆ గీత పోతుంది.