మింగని మాత్రలు

ఆ రోజుల్లో నా ఒంట్లో రక్తం తక్కువ, అనుమానం ఎక్కువ. గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో కొత్తగా టీచరునయ్యాను. ఒకరోజు ఎక్కం చెబుతూ బోర్డు పట్టుకునే కూలబడ్డాను. దవాఖానలో డాక్టరమ్మ రక్తం చూసి, ఎనిమిదే ఉందని ఐరన్ మాత్రలు రాసింది. వేసుకున్న మూడోనాటికల్లా పొద్దున్నే వాంతులు. మిగతా సంగతి మర్యాదగా చెప్పాలంటే, బొగ్గుబాయిలో డ్యూటీ దిగి వచ్చిన మా నాన్న బట్టల రంగు. (చదివేవాళ్లు భోజనం ముందు కూర్చుని ఉంటే క్షమించాలి.) ఇది మందు కాదు, విషమని తేల్చుకుని రోజుకొకటి కాగితంలో చుట్టి బడి దారిలో పారేయడం మొదలుపెట్టాను. "వేసుకున్నవా?" అని అమ్మ అడిగితే "ఆ, వేసుకున్న" అనేదాన్ని.

ఈలోగా పక్క క్వార్టరు అవ్వ మా అమ్మ చెవిలో వేసింది. "పెండ్లి గాని పొల్ల పొద్దుగాల్నే కక్కుతున్నదేంది బిడ్డా?" అప్పటినుంచి అమ్మ నన్ను, నేను అమ్మను కనిపెట్టుకుని తిరిగాం. ఒకనాడు పుంటికూర, అదే గోంగూర, నల్లగా కనిపించింది. నేను పారేస్తున్నట్టు కనిపెట్టి మాత్రలు నూరి కలిపిందని నాకు ఖాయమైపోయింది.

"ముందు నువ్వు తిను" అన్నాను.

"కొత్త ఇనుప మూకుడే తల్లీ! నీ రక్తం కోసమే కొన్న. కన్నతల్లి మందు పెడ్తదా?" అంటూ రెండు ముద్దలు తిని చూపించింది. అయినా నేను పచ్చడితోనే తిన్నాను.

నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష. ఇంకా తగ్గింది. డాక్టరమ్మ మొహం మారింది. "రోజూ మాత్ర వేసుకుంటున్నా తగ్గిందంటే లోపల ఎక్కడో రక్తం పోతున్నట్టుంది. కరీంనగర్ వెళ్లి గొంతులోంచి గొట్టం వేయించి చూడాలి." అమ్మ అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. జ్వరమొచ్చినా డ్యూటీ మానని నాన్న మెల్లగా, "రేపు నాగా పెడత. నేనే తీస్కపోత" అన్నాడు.

"మేడం, నేను మింగలే" అన్నాను. "మూడు దినాలే మింగిన. పడక పారేసిన."

"మరి రోజూ ఆ అంటివి గదనే!" అని అమ్మ నా వీపు మీద ఒకటేసి, ఆ చేత్తోనే నిమిరింది.

డాక్టరమ్మ నవ్వింది. "పడకపోతే చెప్పాలమ్మా. రోజు విడిచి రోజు వేసుకోవచ్చు, మందు మార్చవచ్చు, సెలైన్‌లో ఎక్కించవచ్చు. అన్నం తినగానే టీ తాగుతావా? ముందు అది మాను, ఐరన్‌ను ఒంటికి పట్టనీయదు."

రోజు విడిచి రోజు వేసుకున్నా, మందు మార్చినా వాంతులే. చివరికి సెలైన్ పెట్టారు. సీసాలో ముదురు గోధుమరంగు నీళ్లు.

"గిదేంది సిస్టరక్కా, డికాషన్ లెక్కున్నది?"

"టీ అనుకోని పండుకో" అంది నర్సు.

నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని, చుక్కలు పడుతున్నాయో లేదో చూస్తూ చూస్తూ నా కాలి మీద చెయ్యేసి నిద్రపోయాడు. అలా కొన్నిసార్లు ఎక్కించాక, బడి మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగాను.

ఇప్పుడు అప్పటి నేను గుర్తొస్తే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "పిచ్చిదానా, పడటం లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది కదే" అనాలనిపిస్తుంది. నమ్మదనుకోండి.