గాడి వెంబడి తుడిచిన డిస్కు

ప్లేయరు ముందున్న చిన్న కిటికీలో ‘నో డిస్క్’ అని ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. మాస్టారు డిస్కును బయటికి తీశారు. మధ్య కన్నంలో వేలు పెట్టి, అంచును బొటనవేలితో పట్టుకుని, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచి చూసి మళ్ళీ పెట్టారు. లోపల గిర్రున తిరిగిన చప్పుడు, తడబడిన చప్పుడు, ఆగిన చప్పుడు. మళ్ళీ అవే అక్షరాలు.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీల నిండా బంధువులూ సంఘంవాళ్ళూ ఉన్నారు. అయ్యగారు వాక్యం చెప్పడం ముగించి, బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. అది మాస్టారి భార్య జ్ఞాపకార్థ కూడిక. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ ఏటా జరుగుతోంది. వాక్యం అయ్యాక, టీలు ఇచ్చే ముందు, ఆవిడ పాడిన కీర్తన ఒకటి వినిపించడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆవిడ గొంతు మిగిలింది ఆ డిస్కు మీదే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కదల్లేదు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి ఫోను పైకెత్తి, “తాతగారూ, ఆ పాట యూట్యూబ్‌లో ఉందండి. పెట్టమంటారా?” అంది.

“పాట ఉంటుందిలేమ్మా,” అన్నారు మాస్టారు.

ఆయన మూడోసారి పెట్టలేదు. అయ్యగారు ముగింపు ప్రార్థన చేశారు. టీలు వచ్చాయి. గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న పెయింట్ల కొట్టు షావుకారు టీ తీసుకోకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వేళ ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

మాస్టారూ, షావుకారూ, నేనూ చాలాకాలంగా ఆదివారాలు కలుసుకుంటున్నాం. మాస్టారు లూథరన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను పత్రికాఫీసులో ఇతరుల వార్తలు దిద్ది రిటైరయ్యాను. షావుకారు రిటైరవలేదు గాని, రాజమండ్రి బజారులో ఉన్న కొట్టును కోడలు చూసుకోవడం మొదలుపెట్టాక మేడ మీదికి చేరాడు. ఆ మేడ గదిలో టర్పెంటైన్ వాసన ఎప్పటికీ పోదు. తండ్రి కొన్న రికార్డు ప్లేయరు అక్కడే ఉంది. బీరువా నిండా నాటకాల పద్యాలు, హరికథలు, పాత సినిమా పాటలు. ముగ్గురిలో పాడగలిగినవాళ్ళు లేరు. వినడం ఒక్కటే వచ్చు.

ఆరాధన అయ్యాక గుడి నుంచి తిన్నగా వచ్చేవారు మాస్టారు, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాతో. చంకలో సీడీల సంచి. ఆ సంచిని చూడగానే షావుకారు అందుకునేవాడు.

“వచ్చాయండీ అద్దాలు. తల దువ్వుకోడానికి బావుంటాయి.”

“మీ రికార్డయితే పక్క తిప్పడానికి మాటిమాటికీ లేవాలండి. మనం పాట వినడానికొచ్చామా, వ్యాయామానికొచ్చామా?”

“మోకాళ్ళకి మంచిదేనండి.”

“ఎవరి మోకాళ్ళకి? లేచేది నేనూ ఈయనాను. మీరు కూర్చుని చెబుతారు.”

“ఎడిటరు గారూ, మీరు చెప్పండి,” అనేవాడు షావుకారు నాకేసి తిరిగి. నేను ఎన్నడూ ఎడిటర్ని కాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన మానలేదు, నేను చెప్పడం మానుకున్నాను.

షావుకారు వాదన ఒక్కటే. ఒక ఏడాది వానలకి వీధి కాలవ పొంగి కొట్టులోకి నీళ్ళొచ్చాయి. అప్పట్లో రికార్డులు కింద గదిలో ఉండేవి. బురదలో నానిన వాటిని ఇంటిల్లిపాదీ కూర్చుని కడిగి, అప్పడాల్లా గుడ్డల మీద పరిచి, నీడన ఆరబెట్టారు. అట్టలు పోయాయి, పాటలు పోలేదు. “గీత పడితే టక్కు టక్కుమంటుంది గాని పాట మానదండి. ముసలాడిలాగ దగ్గుకుంటూనైనా చెబుతుంది. మీ సీడీ అలా కాదు. ఉన్నన్నాళ్ళూ పెళ్ళికొడుకు. ఓ రోజు పలకదు, అంతే.”

నేను ఏ పక్షమూ కాదు. మా ఆఫీసులో పాత ఫొటోలు మొదట కవర్లలో ఉండేవి, తర్వాత ఫ్లాపీల్లోకి, ఆ తర్వాత సీడీల్లోకి, ఆ పైన మరెక్కడికో వెళ్ళాయి. ప్రతిదాన్నీ ఇదే చివరిదని చెప్పి మా చేతికిచ్చారు. మార్చిన ప్రతిసారీ కొన్ని ఫొటోలు దారిలో రాలిపోయేవి. అడిగేవాళ్ళు లేక ఎవరికీ పట్టలేదు. అలాంటి వాటిమీద వాదించే ఓపిక నాకు ఉద్యోగంలో ఉండగానే అయిపోయింది.

ఈమధ్య కాలేజీ కుర్రాళ్ళు కాకినాడ నుంచి బళ్ళ మీద వచ్చి రికార్డులు అడుగుతున్నారు. వాళ్ళలో కొందరు నిజంగా వింటారు. తక్కినవాళ్ళు గోడకి తగిలిస్తారట, మధ్యలో ముళ్ళు బిగించి గడియారం చేస్తారట. “అడిగేవాళ్ళున్నారు కదండీ, సంతోషించాలి,” అంటారు మాస్టారు. షావుకారికి సంతోషించాలో లేదో తెలియదు. ఎవరికీ ఇవ్వడు.

మాస్టారి భార్య పాడిన డిస్కు మాత్రం ఈ వాదాల్లోకి వచ్చేది కాదు. ఆవిడ గుడి క్వయిర్లో పాడేవారు. చాలా ఏళ్ళ కింద ఆ ఆడవాళ్ళంతా కలిసి ఒక స్టూడియోలో కీర్తనలు రికార్డు చేయించుకున్నారు. అందులో రెండు ఆవిడ ఒక్కరే పాడారు. క్యాసెట్టు మీద ఇమ్మని మాస్టారు అడిగితే, గోదారి గాలికి క్యాసెట్టు బూజు పడుతుందని, సీడీ అయితే మనవల మనవలు కూడా వింటారని స్టూడియో ఆయన చెప్పాడు. ఆ స్టూడియో ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. అప్పటి కంప్యూటర్లు ఏమయ్యాయో చెప్పేవాళ్ళు లేరు.

ఏటా కూడికకి ముందు ఆదివారం మాస్టారు ఆ డిస్కును మేడ మీదికి తెచ్చేవారు. రికార్డుల కోసం షావుకారు తన భార్య పాత వెల్వెట్ జాకెట్టు కత్తిరించి కుట్టించుకున్న గుడ్డ ఒకటుంది. దానిని వేరే దేనికీ వాడనివ్వడు. మాస్టారి సీడీలన్నిటినీ వెక్కిరించే మనిషి ఈ ఒక్కదానికి ఆ గుడ్డ తనంతట తాను తీసి ఇచ్చేవాడు.

“గాడి వెంబడే తుడవండి. అడ్డంగా లాక్కండి,” అనేవాడు. రికార్డును అలాగే తుడవాలి, పాట గాడి ఎటు తిరిగితే గుడ్డ అటు తిరగాలి. మాస్టారు బడిపిల్లవాడిలా తల వంచుకుని, డిస్కు మీద గుండ్రంగా, మెల్లగా, చుట్టూ చుట్టూ తుడిచేవారు. అయ్యాక ఇద్దరూ కిటికీ వెలుతురుకి పట్టి చూసి తృప్తిపడేవారు. నేను పక్కనే ఉండేవాణ్ణి. ఆ కాసేపూ గదిలో ఎవరూ ఎవర్నీ ఏమీ అనేవారు కాదు.

కూడిక జరిగిన వారంలో మేం చేయగలిగినవన్నీ చేశాం. ఇప్పుడొచ్చే కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటే లేదు. పాత కంప్యూటరున్న జిరాక్సు కొట్టు ఒకటి దొరికింది. అక్కడ తెర మీద పాటల వరస కనిపించింది. నొక్కితే ఏదీ పలకలేదు. పాటలున్న జాడ కనబడి పాట వినబడకపోవడం మాస్టారిని ఎక్కువ బాధపెట్టింది.

క్వయిర్లో పాడిన తక్కినవాళ్ళ ఇళ్ళలో అడిగితే ఎవరి దగ్గరా డిస్కు మిగల్లేదు. కాపీ ఒకటి ఉండేది. పాలకొల్లు పక్క పల్లెలో ఉన్న మరదలికి ఇచ్చానని ఆయనకి గుర్తొచ్చింది. ముగ్గురం కారు మాట్లాడుకుని వెళ్ళాం. ఆవిడ మమ్మల్ని చూసి సంబరపడి, సంగతి విని, మంచం అంచున కూర్చుండిపోయింది.

“ఉండేదండి బావగారూ. టీవీ కింద డ్రాయరులో ఉండేది. ప్లేయరు పాడయ్యాక...” అని ఆగింది.

“పాడయ్యాక?”

“మా అల్లుడు సీడీలన్నీ తీసి జామచెట్టుకి కట్టేడండి. చిలకలు కాయ ముట్టనివ్వడం లేదని.”

పెరట్లోకి వెళ్ళాం. కొమ్మకొమ్మకీ పురికొసతో వేలాడుతున్నాయి. ఎండకి మెరుపు పొర రాలిపోయి, కొన్ని ఉత్త ప్లాస్టిక్కు బిళ్ళల్లా అయ్యాయి. వాటిలోంచి అవతలి ఆకులు కనబడుతున్నాయి. మాస్టారు ఒక్కోదాన్నీ పట్టుకుని తిప్పి చూశారు. రాత ఏదీ మిగల్లేదు. ఏది ఆవిడదో తెలియలేదు.

“నాకు చెప్పకుండా కట్టేడండి,” అంది ఆవిడ మళ్ళీ. “అక్క పాటని తెలిస్తే కట్టనిస్తానా?”

“పోన్లే. చిలకలు వస్తున్నాయా?” అన్నారు మాస్టారు.

“వస్తన్నాయండి. వాటికి అలవాటయిపోయింది.”

భోజనం చేసి వెళ్ళమన్నారు. చేసి వచ్చాం. తిరుగుదారిలో షావుకారు ముందు సీట్లో కూర్చున్నాడు. కారు రావులపాలెం వంతెన ఎక్కాక, వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

“మాస్టారూ, మొన్న మా కోడలు ఫోన్లో ఒకటి చూపించిందండి. సీడీ ఎలా తుడవాలో. మధ్యనించి అంచుకి తిన్నగా లాగాలంట. గుండ్రంగా తుడవకూడదంట.”

మాస్టారు కారు కిటికీ అద్దం కొంచెం పైకెత్తారు.

“రికార్డుకి గాడి వెంబడి మంచిది. దీనికి అదే చేటంట. పాట పొడుగునా గీత పడుతుందంట. అడ్డం గీతయితే మిషను దాటుకుపోతుందంటండి.”

“మీరు తుడిచేరా ఏంటి? తుడిచింది నేను.”

“చెప్పింది నేను కదండీ.”

అప్పుడు నాకు తట్టింది, కూడిక రోజున టీ తీసుకోకుండా ఎందుకు లేచి వెళ్ళాడో. తను చెప్పిన తుడుపు వల్లే పోయిందేమోనని అప్పటికే ఆయన ఊహించాడు. కోడల్ని అడిగింది నిర్ధారణ కోసం.

నా వంతుగా నాకు తెలిసింది చెప్పాను. మా ఆఫీసు బీరువాలో ఉన్న సీడీలను ఏ గుడ్డా ముట్టుకోలేదు. పెట్టినవి పెట్టినట్టే ఉండి వాటిలో కొన్ని మూగబోయాయి. ఇళ్ళలో, చిన్న స్టూడియోల్లో పాటలెక్కించుకునే సీడీ లోపలి పొర తనంతట తానే పాడవుతుందని తర్వాత విన్నాం. కాబట్టి ఇది తుడవడం వల్లే అనడానికి లేదు, కాదనడానికీ లేదు. వార్తయితే ‘కారణాలు తెలియరాలేదు’ అని రాసి పక్క కాలమ్‌కి వెళ్ళేవాళ్ళం. కార్లో ఆ మాట ఇద్దరికీ పనికిరాలేదు.

ఆ తర్వాతి ఆదివారం కూడా మాస్టారు మేడ ఎక్కారు, సంచి లేకుండా. “ఏదైనా పెట్టండి,” అన్నారు. షావుకారు రికార్డు ప్లేయరు మీద కప్పిన గుడ్డ తియ్యలేదు.

“ముల్లు అరిగిపోయిందండి. కొత్తది రావాలి.”

కొత్త ముల్లు నెల కిందటే వచ్చింది. పొట్లం విప్పింది మాస్టారే. ఆయన తలూపి, కొట్టులో గిరాకీ ఎలా ఉందని అడిగారు. ముగ్గురం పెయింట్ల గురించి మాట్లాడుకుని లేచాం. అప్పట్నుంచి ఆదివారాలు అలాగే సాగుతున్నాయి. పాట పెట్టమని మాస్టారు ఇప్పుడు అడగడం లేదు.

విశాఖపట్నంలో పాడైన డిస్కుల్లోంచి ఉన్నదాన్ని బయటికి తీసే చోటొకటి ఉందని తెలిసి నేనే పట్టుకెళ్ళాను. కొరియర్‌లో పంపడానికి మాస్టారు ఒప్పుకోలేదు. చిన్న గది, ఒకమ్మాయి నడుపుతోంది. దీపం కింద పెట్టి చూసి, మాటివ్వలేనంది.

“వచ్చినంతవరకు తీస్తామండి. ఒకటి రావచ్చు, రెండూ రావచ్చు, అసలు రాకపోవచ్చు. టైం పడుతుంది.” డిస్కు తిప్పి మళ్ళీ చూసింది. “ఎందుకు పోయిందో కూడా చెప్పమంటే చెప్తాం. పైగీతల వల్లా, లోపలి పొర వల్లా అన్నది పని చేస్తుంటే తెలిసిపోతుందండి.”

కారణం తెలిసే వీలుందని నేను అనుకోలేదు. బయటికొచ్చి మాస్టారికి ఫోను చేశాను.

“పాటలొస్తే చాలండి,” అన్నారు. “ఎందుకు పోయిందో మాత్రం అడక్కండి.”

“షావుకారు గారు అడుగుతారండి.”

“అందుకే అడగొద్దంటున్నాను.”

రాజమండ్రి రాగానే షావుకారు కొట్టు దగ్గరే ఎదురయ్యాడు. కోడలు వినకుండా నన్ను డబ్బాల వెనక్కి తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి అన్నది చెప్పక తప్పలేదు.

“కనుక్కోండి ఎడిటరు గారూ. నా వల్లేనని తేలినా పర్లేదండి. ఏదో ఒకటి తెలియాలి. ఆయన ఎదర కూర్చోలేకపోతన్నాను.”

“మాస్టారు వద్దన్నారండి.”

“ఆయన తన కోసం అనలేదండి ఆ మాట. నా కోసం అన్నాడు. నాకు తెల్దా?”

వచ్చే కూడిక ఇంకా దూరంలోనే ఉంది. ఆ రోజు పాట ఉండకపోతే వాక్యం కాగానే టీలు ఇచ్చేయమని మాస్టారు కూతురికి చెప్పి ఉంచారు. డిస్కు విశాఖపట్నంలోనే ఉంది. ఆవిడ గొంతు అందులోంచి వస్తుందో రాదో చెప్పడానికి ఆ అమ్మాయి ఇంకా ఫోను చెయ్యలేదు. చేసినప్పుడు కారణం అడగాలో వద్దో నేనూ తేల్చుకోలేదు.