అందించిన మాటలు

2023 చలికాలం. దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి కార్డియాలజీ ఓపీలో నేను సీనియర్ నర్సును. తెలుగువాళ్లెవరు వచ్చినా నా టేబుల్ దగ్గరికే పంపేవారు. అలా వచ్చారు విశ్వనాథం గారు. డెబ్బై దాటిన మనిషి. దగ్గర్లోని జియా సరాయ్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లలకు రాజ్యాంగం పాఠం చెబుతారు, అదీ చేతిలో కాగితం ముక్క లేకుండా. వెంట భార్య సరోజిని గారు, శిష్యుడు నరేశ్ ఉన్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నారు.

మెషీన్ ఉన్నా పల్స్ ముందు వేళ్లతో చూడటం నా అలవాటు. ఆయన నాడికి ఒక వరస లేదు. రెండు దెబ్బలు వెంటవెంటనే, తర్వాత ఖాళీ, మళ్లీ ఒకటి. ఈసీజీ కూడా అదే చెప్పింది: ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డలు కట్టవచ్చు. గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. మరీ చిన్నదైతే మూతి వంకరపోదు, చెయ్యి పడిపోదు. మెదడులో ఒక చిన్న భాగం చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. అలాంటివి పోగైతే జ్ఞాపకం దెబ్బతింటుంది. అందుకే మరపు గురించి అడిగాను.

"మరపా? ఈయనకా?" సరోజిని గారు నవ్వారు. "ఆర్టికల్స్ అన్నీ నంబర్లతో సహా చెప్తారమ్మా. కావాలంటే అడగండి."

"పరీక్షలు పెట్టేవాడికే పరీక్షా?" అన్నారాయన.

నరేశ్ మాత్రం తల ఎత్తలేదు. సార్‌ను గుండె స్కాన్ తీసే ఎకో గదిలోకి పంపాక అతన్ని పక్కకు పిలిచాను.

"ఏడాది సంది సార్ పాఠం నడుమ ఆగిపోతున్నరు సిస్టర్. మాట దొరకది. ముందు వరుసల కూసున్నోళ్లం మెల్లగ అందిస్తం. కొత్తగ చేరినోళ్లకు కూడ చెప్పినం, సార్ ఆగితే ఎట్ల అందియ్యాల్నో."

"ఇంట్లో చెప్పలేదా?"

"ఎట్ల చెప్తం? సార్ ఇజ్జత్ పోదా?"

మెదడు ఎంఆర్ఐలో పాత మచ్చలు చాలా కనిపించాయి. రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర ముందే మొదలుపెట్టి ఉంటే కొంతైనా ఆగేదేమో, పోయింది మాత్రం తిరిగి రాదు అన్నారు డాక్టరు. అప్పుడు నరేశ్ క్లాసు సంగతి బయటపెట్టాడు. ఇన్నాళ్లూ దాచినందుకు సరోజిని గారు అతని మీద మండిపడతారనుకున్నాను. ఆవిడ అతని వైపు చూసి, "నేనూ అందించాను బాబూ," అన్నారు. "ఫోన్లో చుట్టాల పేర్లు, మార్కెట్ నుంచి ఇంటికి దారి. పెద్దతనం కదా అనుకున్నాను."

నాకు ఆ ఇద్దరి మీద కోపం రాలేదు. గురువు తడబడితే దాచిపెట్టడమే భక్తి అని నేర్పిన మన పెంపకం మీద వచ్చింది. పొద్దున లేస్తే ఆయన పాదాలు తాకే చేతుల్లో ఒక్కటైనా ఆయన మణికట్టు పట్టుకుని చూడలేదు. ముసలితనం అని ఒక మాట అనేసి మనం ప్రశ్న అడగడం మానేస్తాం. ముసలితనం ఏ జబ్బుకూ పేరు కాదు.

వేసవిలో మళ్లీ వచ్చారు. మందులతో గుండె వేగం అదుపులోకి వచ్చింది. క్లాసు మాత్రం అప్పటికే ఆగిపోయింది. మా దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష జరిగేటప్పుడు వెంట వచ్చినవాళ్లు ఒక్క మాట కూడా సాయం చేయకూడదు. ఇద్దరికీ ముందే చెప్పాను.

"సర్, యే కౌన్ హైఁ?" సరోజిని గారిని చూపిస్తూ అడిగారు డాక్టరు.

"మా ఆవిడ."

"నామ్?"

ఆయన ఆగారు. ఏడాదిపాటు క్లాసులో ఆగినట్టే, నిశ్చింతగా, ఆవిడ పెదవుల వైపు చూస్తూ ఆగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నరేశ్ కిటికీ వైపు తిరిగాడు.

"అందించవేం?" అన్నారాయన, మంచినీళ్లు అడిగినంత మామూలుగా.

ఎవరూ అందించలేదు. డాక్టరు తర్వాతి ప్రశ్నకు వెళ్లారు.

ఇప్పుడు వయసు మళ్లినవారు నా టేబుల్ ముందు కూర్చుంటే, నాడి చూస్తూనే వెంట వచ్చినవాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. జ్ఞాపకం ఎలా ఉందని అడగను. అందరూ బాగుందనే చెప్తారు.

"ఈమధ్య ఆయనకు మీరేం అందిస్తున్నారు?" అని అడుగుతాను.