గంట బావి, మిల్లు గోడ

ఆ ఊళ్ళో ఒక వారపత్రిక ఉండేది. నలభై ఏళ్ళపాటు దానికి అక్షరాలు పేర్చినవాడు ఒక్కడే. సీసపు అక్షరాలు పట్టుకుని పట్టుకుని అతని వేళ్ళ కొనలు నల్లబడ్డాయి, ఎంత తోమినా తెల్లబడేవి కావు. అందుకని ఊరంతా అతన్ని సీసం అనే పిలిచింది. వయసు మీదపడ్డాక దానికి తాత చేర్చారు. మర్యాద పెరిగిందంటే అంతమేరకే పెరిగింది.

పేజీ కూర్చేటప్పుడు అడుగున నాలుగు వేళ్ళ జాగా మిగిలిపోవడం ఆ పనిలో మామూలే. వార్త చాలదు, ప్రకటన రాదు, యజమాని భోజనానికి వెళ్ళి ఉంటాడు. ఖాళీగా వదిలితే తిడతాడు, వెళ్ళి అడిగితే ఇంకా తిడతాడు. అలాంటప్పుడు సీసం కాగితం మీద రాసుకోవడమన్నది లేకుండా, అక్షరం తరవాత అక్షరం పేరుస్తూనే ఊరిమీద ఒక కథ అల్లేసేవాడు. పైన "మన ఊరి వింతలు" అని ఒక శీర్షిక తగిలించేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతని అబద్ధాలు జాగా కొలతకి కూడా అతికేవి.

పూర్వం ఒక పన్నుల అధికారి ఊరందరి ఉసురూ పోసుకుని, వెనకనుంచి ఎవడు కొడతాడోనన్న భయంతో ముప్పై ఏళ్ళు వెనక్కి తిరిగే నడిచాడట. చివరికి ముందునుంచి వచ్చిన బండి గుద్ది పోయాడట. మార్కెట్ వెనక పాడుబడ్డ బావిలో పెద్ద గంట ఒకటి ఉందట. దాన్ని తీస్తానని దిగినవాడెవడూ పైకి రాలేదట. మిట్టమధ్యాహ్నం చెవి ఒగ్గితే మోగుతుందట.

రెండు వారాలు తిరిగేసరికి మంగలి తన నాయనమ్మకి ఆ పన్నుల అధికారి కోడలు స్నేహితురాలని చెప్పడం మొదలుపెట్టాడు. గడ్డం కింద కత్తి ఉంది గనుక సీసం కాదనలేదు. కొన్నేళ్ళకి మునిసిపాలిటీవాళ్ళు బావికి ఇనుప చట్రం బిగించి "గంట బావి" అని బోర్డు కూడా పెట్టారు. సీసం ఆ బోర్డు చూసి ఒక పూటంతా నవ్వుకున్నాడు. జీవితంలో అతను అంతగా నవ్వింది అదే ఆఖరు.

అతని ఎనిమిదో ఏట నూలు మిల్లు ప్రహరీ గోడ కూలింది. మధ్యాహ్నం గోడ నీడన కూర్చుని తింటున్న తొమ్మిదిమంది దానికింద పోయారు. వాళ్ళలో అతని నాన్న ఒకడు. పన్నెండేళ్ళ అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని అప్పుడే గేటు దాటుతోంది. కళ్ళారా చూసింది ఆమె. మిగతా ఎనిమిదిమందీ ఎక్కడెక్కడినుంచో పనికోసం వచ్చినవాళ్ళు. వారంలో వాళ్ళ అద్దె గదులు ఖాళీ అయ్యాయి, గోడ మళ్ళీ లేచింది, సున్నం కూడా పడింది. మిల్లు రిజిస్టరులో ఆ తొమ్మిది పేర్ల పక్కనా "తనంతట తాను పని మానెను" అని రాసుకున్నారు. ఎంత నీతిమాలిన చేతో గానీ, రాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. అమ్మకి అదే మిల్లులో ఊడ్చే పనిచ్చారు. దాంతో ఇంట్లో అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

మిల్లు కూడా మూతపడ్డాక, సీసం ఆ సంగతి వేద్దామని యజమానిని అడిగాడు. వార్తగా వద్దన్నాడాయన. చచ్చిన పాముని కొట్టడమెందుకు, అంతగా కావాలంటే నీ వింతల్లో వేసుకో అన్నాడు. సీసం ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఉండాల్సింది. తొమ్మిది పేర్లూ పేర్చి, ఆ శీర్షిక కిందే వేశాడు. మర్నాడు బజారులో ఇద్దరు ముగ్గురు ఆపి, ఈసారి కథ కళ్ళనీళ్ళు తెప్పించిందయ్యా అని మెచ్చుకున్నారు.

డెబ్భై నాలుగో ఏట కాలేజీ లెక్చరరమ్మ ఒకావిడ అతని గది వెతుక్కుంటూ వచ్చింది. ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారట, కూర్చే పని ఆవిడది. చేతిలో అన్నీ అతని వింతలే, కత్తిరించి అంటించినవి. సీసం కుర్చీ చూపించి, దాచకుండా చెప్పేశాడు. ఇవన్నీ తను కల్పించినవేననీ, ఒక్క మిల్లు గోడ మాత్రమే నిజమనీ, మిగతావి పారేసి ఆ ఒక్కటీ వేస్తే చాలనీ బతిమాలాడు. ఆ తొమ్మిదిమందీ పని మానేసి పోలేదని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. తను పోయేలోగా అతనికి కావలసింది అదొక్కటే.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. శ్రద్ధగా విన్నది, మిల్లు రిజిస్టరు తెప్పించి మరీ చూసింది. వారం తరవాత వచ్చి, నొచ్చుకుంటూనే చెప్పింది.

"తాతగారూ, గంట గురించి నాకు పాతికమంది చెప్పారు. గోడ గురించి మీరొక్కరే చెబుతున్నారు. కథలు అల్లానని కూడా మీరే అంటున్నారు. నేనేం రాయను చెప్పండి?"

"మా అక్క ఉందమ్మా. కళ్ళతో చూసింది."

"అయితే వెళదాం. కానీ మీరు మధ్యలో ఒక్క మాట కూడా అందించకూడదు."

అక్క తన కూతురి ఇంట్లో వెనకగదిలో ఉంటుంది. ఉతికిన బట్టలు మడతపెట్టడం ఆమె పని, మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెడుతుంది. లెక్చరరమ్మ పక్కన కూర్చుని, మీ నాన్నగారు ఎలా పోయారు పెద్దమ్మా అని అడిగింది. సీసం తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"డబ్బా పట్టుకెళ్ళానమ్మా. మూత మీద చెయ్యి పెడితే ఇంకా వేడిగా ఉంది. నాన్న చూసి, అక్కడ పెట్టమ్మా ఇప్పుడే వస్తా అన్నాడు. అని గంట కోసం బావిలోకి దిగాడు. నేను గట్టుమీదే కూర్చున్నా. లోపల గంట మోగింది. డబ్బా చల్లారిపోయింది, నాన్న రాలేదు."

అక్కకి చదువు రాదు. పత్రిక వచ్చినప్పుడల్లా అతనే వెళ్ళి చదివి వినిపించేవాడు. నిద్రలో ఇటుకలు ఇటుకలు అని ఉలిక్కిపడే మనిషి, గంట కథ విన్న రోజు నెమ్మదిగా పడుకుందని ఇంట్లోవాళ్ళు చెబితే, మళ్ళీ చదివాడు. ఆమె అడిగినప్పుడల్లా చదివాడు. మందు అనుకునే పోశాడు పాపం. అది నాన్నని తినేస్తుందని అతనికి ఎవరు చెబుతారు?

లెక్చరరమ్మ గబగబా రాసుకుంది. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదని సంబరపడింది. దారిలో సీసం ఆమెకి మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఆవిడ తల ఊపింది, పాపం పెద్దాయన అన్నట్టు.

పుస్తకం వచ్చింది. గంట బావికి మూడు పేజీలు ఇచ్చారు. ఆ గంట కోసం దిగిన చివరి మనిషిగా నాన్న పేరు, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా అచ్చయింది. మిగతా ఎనిమిది పేర్లూ లేవు. వింతలు సేకరించి పెట్టినందుకు మొదటి పేజీలో సీసానికి కృతజ్ఞతలు మాత్రం చెప్పారు. అతను పుస్తకం చంకన పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు. ఇంకెవరి దగ్గరికి వెళతాడు?

చదవమంది. చదివాడు. నాన్న పేరు వచ్చినచోట ఆమె మడతపెడుతున్న తువ్వాలు ఆపి, సరిగ్గా రాశారంది. కాసేపయ్యాక ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"ఇదంతా సరే గానీ, ఆ గోడ సంగతి వెయ్యలేదేంట్రా?"

సీసం అక్క మోకాళ్ళ దగ్గరికి జరిగాడు.

"ఏ గోడ అక్కా? చెప్పు, ఏ గోడ?"

"అదేరా, మిల్లు గోడ. తొమ్మిదిమంది పోతారు చూడు. నువ్వే రాశావుగా పేపర్లో? ఎలా పుట్టిందిరా నీకు అంత ఘోరమైన కథ? నాలుగు రోజులు ఏడ్చాను."

అక్క తువ్వాలు మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, ఆగిపోయావేంరా, చదువు అంది. సీసం పేజీ తిప్పి, వెనక్కి నడిచిన పన్నుల అధికారి గురించి చదవడం మొదలుపెట్టాడు.