పట్టుబడి లేని రోజు చెయ్యి

నిన్న ఆదివారం మా ఆడపడుచు కూతురు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, “అత్తయ్యా, కొంచెం గడప పసుపు తడిపి పెడతారా?” అని అడిగింది. వెనకే వస్తున్న వాళ్ళమ్మ మెట్టు మీదే ఆగిపోయింది. “అత్తయ్యని అడగడానికి ఇంకేం దొరకలేదటే నీకు? ఏ రంగు పెన్సిలో అరగదీసి రాసుకోకూడదూ!” అని కూతురి మీద గొంతు తగ్గించి కోప్పడింది. తగ్గించిన గొంతు నాకు స్పష్టంగానే వినిపించింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. దానికి పసుపు కావలసింది పిస్టలు కోసం. పసుపు అడగకూడని ఇల్లు ఒకటి ఉంటుందని, అది ఇప్పుడు వాళ్ళ మావయ్య ఇల్లేనని ఆ క్షణం దాకా దానికి తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

మా వారు పోయి ఇంకా ఏడాది నిండలేదు. సంవత్సరీకం వచ్చే నెల. కార్యక్రమాలప్పుడు పెద్దవాళ్ళెవరో గడపకి రాసే పసుపు డబ్బా తీసి అల్మరా పై అరలో పెట్టేశారు. ఎవరు పెట్టారో నేను అడగలేదు, దించనూ లేదు. దాని పక్క అరలోనే ఆయన గాలి పిస్టలు, దాని నల్లటి పెట్టెలో ఉంది. ఇది పోటీల్లో కాగితం మీద గుండ్రాలు కొట్టే పిస్టలు. దీనికి లైసెన్సు అక్కర్లేదని ఆయన వీధిలో అందరికీ ఎన్నిసార్లు చెప్పినా, ఎదురింటి మాస్టారు మాత్రం మా ఇంటి ముందు కొంచెం వేగంగానే నడిచేవారు.

ఆయనది కైకలూరులో ఐసు వ్యాపారం. కొల్లేటి చుట్టూ చెరువుల్లో పట్టుబడి ఉన్న రోజున, అంటే వల లాగి చేపలు అమ్మే రోజున, తెల్లవారుతూనే ఐసు దిమ్మలతో వెళ్ళేవారు. దిమ్మలు పగలగొట్టించి, చేపలూ ఐసూ వరసలు వరసలుగా ట్రేలలో సర్దించి, మధ్యాహ్నానికి వట్లూరులో మా ఇంటికి వచ్చేవారు. చేతులకు తొడుగులు వేసుకోమంటే వినేవారు కాదు. “తొడుగేసుకుంటే చేప గట్టిగా ఉందో మెత్తబడిందో ఎలా తెలుస్తుందే?” అనేవారు. చేతులు తెల్లగా, ముడతలు పడి ఉండేవి. కంచం ముందు కూర్చుని అన్నంలో వేళ్ళు పెట్టినప్పుడు ఆ వేడికి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. మా ఇద్దరిలో ఒకరి చేతులకి దుమ్ము, ఒకరి చేతులకి చేపల వాసన. ఏది మెరుగో ఎప్పుడూ తేలలేదు.

పిస్టలు పిచ్చి ఆయనకి యాభై దాటాక పట్టింది. మేనకోడలు డిగ్రీ చదివే రోజుల్లో గూడెంలో షూటింగు నేర్చుకునేది. దాన్ని దింపడానికి వెళ్ళి, ఖాళీగా కూర్చోలేక ఒకసారి పట్టుకుని చూశారు. మేనకోడలు ఉద్యోగంలో చేరి మానేసింది, మావయ్య మాత్రం మానలేదు. పెరటి అరుగు నుంచి ముందుగది గోడ దాకా తలుపులన్నీ తెరిస్తే సరిగ్గా పోటీకి కావలసినంత దూరం వస్తుందని టేపు పెట్టి కొలిచిన రోజున, ఇల్లు కట్టిన మేస్త్రీకి ఆయన పెట్టిన దండం నేను చూశాను. గోడకి ఒక రేకు పెట్టె, అందులో చెరువు బంకమట్టి, దాని ముందు కాగితం. సీసపు గుళ్ళు ఆ మట్టిలో దిగబడేవి. దారి మధ్యలో ఫ్రిజ్ ఉండేది. మంచినీళ్ళు కావాలంటే వంటింటి తలుపు చాటు నుంచి చెయ్యి ఊపాలి, ఆయన పిస్టలు కింద పెట్టి “ఊఁ, రా” అనాలి. చుట్టాలు వస్తే ఈ పద్ధతి ముందుగా నేర్పేవాళ్ళం.

కొన్నది కొన్నట్టు కొట్టేస్తే సరిపోతుందనుకున్నాను. అలా కాదట. ట్రిగ్గరు బరువు చూడాలి. తీగతో అరకిలో తూకం రాయి ట్రిగ్గరుకి వేలాడదీసి పిస్టలు మెల్లగా పైకెత్తితే ట్రిగ్గరు పడకూడదు, ట్రిగ్గరు అంతకన్నా మరీ బిగుతుగా ఉంటే వేలికి పట్టు దొరకదు. ఒక మర కొంచెం తిప్పడం, రాయి వేలాడదీయడం, మళ్ళీ తిప్పడం. ఆ రాయి పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది. తర్వాత గుళ్ళ పరీక్ష. పిస్టలుని వడ్రంగి బిగింపుతో బల్లకి కదలకుండా బిగించి, ఒక్కో డబ్బాలోంచి కొన్ని గుళ్ళు కొట్టి చూసేవారు. ఏ డబ్బావి ఒకే కన్నంలో పడితే అవి పోటీకి, మిగతావి సాధనకి. కొట్టిన కాగితాలు పారేయబుద్ధి కాక నా పుస్తకాల్లో గుర్తులుగా పెట్టుకున్నాను. ఇప్పటికీ ఏ పుస్తకం తీసినా మధ్యలో ఒక కన్నం కనబడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది పిడికి. పిడి చెక్కది. అది ఎవరి చేతికి వాళ్ళు అరగదీసుకోవలసిందే. ఎక్కడ అరగదీయాలో తెలియడానికి చేతికి ఏదైనా రంగు రాసుకుని పట్టుకోవాలి. రంగు అంటిన చోట చెక్క చేతిని ఒత్తుతోందని అర్థం. అక్కడ ఆకురాయితో రెండు రుద్దులు, తర్వాత ఉప్పుకాగితం. లోటున్న చోట లప్పం పెట్టి నింపాలి. ఆయన మొదట వంటింటి పసుపు రాసి చూశారు. అది బరకగా ఉందని గడప పసుపు మీద పడ్డారు. “శుక్రవారం గడపకి రాయడానికి చూస్తే డబ్బా అడుగంటింది. మీ పిస్టలుకి పేరంటం ఇంకా ఎన్నాళ్ళండీ?” అనేదాన్ని. “దాని పెళ్ళయ్యేదాకా,” అనేవారు. పెళ్ళి అంటే పోటీ. పోటీలో పిస్టలు తనిఖీ చేసే ఆయన ఆ పిడి గీతల్లో ఇంకిన పసుపు చూసి, “పూజ చేయించారాండీ?” అని గౌరవంగా అడిగాడట.

ఆ పోటీ తాడేపల్లిగూడెంలో, ఎండాకాలంలో జరిగింది. నేను వెనక కుర్చీల్లో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో ఒకే చోట పడే గుళ్ళు అక్కడ ఎడమకి, ఇంకా ఎడమకి పోతున్నాయి. ఆయన పిస్టలు దించడం, పిడి వైపు చూడడం, మళ్ళీ ఎత్తడం. కాసేపటికి అధికారిని అడిగి బయటికి వచ్చారు. “పిడి చేతిని కరుస్తోందే. పోయిన వారం దాకా అతికినట్టుండేది,” అన్నారు. చూద్దామని ఆయన చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా, నిండుగా ఉంది. పోటీ కోసం నాలుగు రోజులుగా ఐసు పనికి వెళ్ళలేదు. పిడి అరగదీసినదేమో పట్టుబడి నుంచి వచ్చిన మధ్యాహ్నాల్లో. ఐసులో నాని ముడుచుకుపోయిన చేతికి కొలత పెట్టి, ఎండలో ఉబ్బిన చేతితో పోటీకి వచ్చాం. “మీ చెయ్యి ఇదేనాండీ?” అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, నవ్వుతూ గేటు బయట నిమ్మసోడా బండి దగ్గరికి పరుగెత్తారు.

ఐసు పెట్టెలో చెయ్యి పెట్టనివ్వమని బతిమాలితే సోడా అతను జాలిపడ్డాడు. “చెయ్యి కాలిందాండీ?”

“లేదండీ, పెరిగింది.”

“పెరిగితే ఐసులో పెడతారాండీ? అయినా తొందరగా తీసెయ్యండి బాబూ, అవతల సోడాలకి కావాలి.”

మిగతా సగం గుళ్ళు బాగానే పడ్డాయి. ఫలితాల కాగితంలో ఆయన పేరు కింది నుంచి వెతికితే తొందరగా దొరికింది. తిరుగు ప్రయాణంలో దెందులూరు దాటేదాకా ఆయన తన అరచెయ్యి మూస్తూ తెరుస్తూ చూసుకున్నారు. తర్వాత, “పిడి మళ్ళీ చెయ్యాలి. ఏ చేతికి చెయ్యమంటావు?” అని అడిగారు. ఐసు చేతికే ఉంచి, పోటీకి ఒక బకెట్ ఐసు తెచ్చుకోవచ్చని ఆయన ఆలోచన. అమ్మేది ఐసే కదా. నేను, “పట్టుబడి లేని రోజు చేతికి చెయ్యండి. అది నేనెప్పుడోగాని చూడను,” అన్నాను. అలా ఆయన చాలా ఆదివారాలు ఏ పనీ పెట్టుకోకుండా, చెయ్యి వెచ్చగా ఉండగా, ఆ పిడిని మళ్ళీ దిద్దారు. ఆదివారాలు ఇంట్లో ఉండడం ఆయనకి అప్పుడే అలవాటైంది. పిస్టలు వల్ల నాకు జరిగిన మేలు అది.

పోయిన వర్షాకాలంలో ఆస్పత్రిలో చివరిసారి ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడు అది చల్లగా ఉంది. నాకు బాగా తెలిసిన చల్లదనమే. ఇంటికి వచ్చిన చాలా రోజులకి ఆ నల్లపెట్టె తెరిచి పిడి పట్టుకున్నాను. నా వేళ్ళు ఆయన వేళ్ళ గుంటల్లో వదులుగా కూర్చున్నాయి. బొటనవేలి కింద ఒక పల్లం, చిటికెన వేలి దగ్గర కొంచెం వంకర. ఫోటోల్లో ముఖం ఉంది, ఫోనులో గొంతు ఉంది. ఆ వెచ్చని చేతి ఆకారం మాత్రం ఆ చెక్కలో తప్ప ఎక్కడా లేదు. అప్పుడప్పుడూ తీసి పట్టుకునేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన సంగతిలా అనిపించలేదు.

మేనకోడలు ఈమధ్య మళ్ళీ షూటింగు మొదలుపెట్టింది. రాష్ట్ర పోటీలకి ఎంపిక దగ్గర పడింది. క్లబ్బు వాళ్ళది పట్టుకుని కొడుతోంది, అది ఇంకొకరికి ఇవ్వాలట. ఫోనులో నన్ను అడిగినప్పుడు మావయ్య పిస్టలు నీదే అన్నాను. పిడి మాట అప్పుడు గుర్తు రాలేదు. నిన్న పెట్టె తెరిచి అమ్మాయి పిడి పట్టుకోగానే మా ఇద్దరికీ అర్థమైంది. దాని చెయ్యి చిన్నది. పల్లాలన్నీ లప్పంతో నింపాలి, గట్లు కొన్ని అరగదీయాలి.

అది పిడి మీంచి చెయ్యి తీసేసింది. “వద్దులెండి అత్తయ్యా. పిడి ఊడదీసి మీ దగ్గరే ఉంచండి. కొత్తది తెప్పించుకుంటాను.”

“అదెప్పటికి వస్తుంది?”

“పై దేశం నుంచి రావాలి. ఎంపిక అయిపోయాక వస్తుంది. పర్లేదు, వచ్చే ఏడు చూసుకుంటాను.”

“వచ్చే ఏడు చూసుకునేదానివి ఇన్నాళ్ళూ ఎందుకు కొట్టావే?” అంది వాళ్ళమ్మ. ఆ వెంటనే నా ముఖం చూసి, “అలాగని వదినా, అన్నయ్య చేత్తో చేసింది...” అని ఆగిపోయింది.

నేను వాళ్ళని అక్కడే వదిలి లోపలికి వెళ్ళాను. నేను పుస్తకాలు కాపలా కాసిన మనిషిని. పుస్తకం అరలో భద్రంగా ఉండాలని కొందరు, చేతుల్లో నలగాలని కొందరు. ముప్పై ఏళ్ళు నేను రెండో మాటే అందరికీ చెప్పాను. చెప్పడం తేలిక. అల్మరా ముందు కాసేపు నిలబడ్డాను. చివరికి కుర్చీ వేసుకుని ఎక్కి డబ్బా దించాను. మూత బిగుసుకుపోయింది, చెంచా కాడతో తీయవలసి వచ్చింది. పసుపు అడుగున గడ్డకట్టి ఉంది. చిన్న గిన్నెలో వేసి, నీళ్ళు చల్లి, వేళ్ళతో చిదిపాను. మా ఆడపడుచు వంటింటి గుమ్మం దాకా వచ్చి చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “నీళ్ళు ఎక్కువయ్యాయి వదినా, ఇంకొంచెం పొడి వెయ్యి,” అంది.

అమ్మాయి అరచేతికి నేనే రాశాను. అది పిడి పట్టుకుని, గోడ వైపు చెయ్యి చాచి, కాసేపు అలాగే ఉండి, జాగ్రత్తగా వదిలింది. పసుపు అంటిన చోట ఆయన చెయ్యీ దాని చెయ్యీ కలిశాయి. అంటని చోట చెక్క నల్లగా మిగిలింది. నేను అనుకున్నంత పెద్దగా లేదు ఆ ఖాళీ. సాయంత్రం దాకా పెరటి అరుగు మీద కూర్చుని లప్పం నింపాం, అరగదీశాం, మళ్ళీ పసుపు రాశాం. బొటనవేలి కింది పల్లం దానికి సరిగ్గా సరిపోయింది. “ఇది మావయ్యదే ఉంచేద్దాం,” అంది. ఐదింటికి ఇల్లంతా తలుపులు తెరిచాం. మా ఆడపడుచు పద్ధతి మరిచిపోయి ఫ్రిజ్ వైపు బయలుదేరితే ఇద్దరం ఒకేసారి కేకేశాం. మొదటి గుళ్ళు కాగితం అంచున పడ్డాయి. చీకటిపడే వేళకి దగ్గరపడ్డాయి. ఎంపిక అవుతుందో లేదో తెలియదు. చెయ్యి కరవడం లేదని మాత్రం చెప్పింది.

వెళ్ళేముందు, “వర్షాలు పడితే చెక్క ఉబ్బుతుందత్తయ్యా. అప్పుడు మళ్ళీ సరిచూడాలి,” అంది.

“ఆదివారం రా,” అన్నాను.

వాళ్ళు వెళ్ళాక గిన్నె కడిగాను. నా వేళ్ళ పసుపు సబ్బుకి పూర్తిగా పోలేదు, ఈ ఉదయం కాగితం మీద ఇది రాస్తుంటే ఇంకా కొంచెం కనిపిస్తోంది. డబ్బా పై అరలో పెట్టలేదు, వంటింట్లోనే ఉంచాను. ఏడాది తిరగడమంటే ఏమిటో పంతులుగారు తిథి చెప్పినప్పుడు నాకు సరిగా అర్థం కాలేదు. బిగిసిన మూత ఒకటి తీసి, ఇంకొకరు వస్తారని వదులుగా పెట్టడానికి పట్టే కాలం అయి ఉంటుంది.