ఆముదం కలిసిన మెత్తదనం

కొత్త షవర్ కర్టెన్ మడత విప్పగానే బాత్రూమంతా ఆ ప్లాస్టిక్ వాసన కమ్ముకుంది. కాస్త ఘాటు, కాస్త తీపి. "అమ్మా, విండో ఓపెన్ చెయ్, ఇట్స్ సో స్టింకీ" అంటూ మా అమ్మాయి ముక్కు మూసుకుని పారిపోయింది. నేను మాత్రం కర్టెన్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అట్లాంటా పక్కన కమ్మింగ్ ఊళ్లోని ఈ ఇల్లు మెల్లగా పలచబడి, ఒహాయోలో మా ఫ్యాక్టరీ వెనక సోయా చేలు కళ్లముందుకొచ్చాయి. చేల మీద పొగమంచు, ఆ మంచులో తెల్ల కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచే ఒక పొట్టి మనిషి. వసుంధర గారు.

ఆవిడ మా ల్యాబ్ పెద్ద. నల్గొండ పక్క పల్లెలో పుట్టి, డెబ్బైలలో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, జీవితమంతా వినైల్ అనే ప్లాస్టిక్ షీట్ల మధ్యే గడిపిన శాస్త్రవేత్త. నేను విజయవాడ నుంచి వచ్చి, చదువు ముగించి, ఆవిడ దగ్గర మొదటి ఉద్యోగంలో చేరాను. ల్యాబ్‌లో 'మేడమ్' అనేదాన్ని, కార్ ఎక్కగానే 'ఆంటీ' అయిపోయేవారు. చేరిన మొదటి వారంలో ముడి వినైల్ పలక ఒకటి నా చేతికిచ్చి వంచమన్నారు. పుటుక్కున విరిగింది. "చూసినవా? ఇది ఒట్టి పెళుసుది. పూరీ పిండిల నూనె పోస్తే ఎట్ల మెత్తబడ్తదో, అట్లనే దీంట్ల గూడ నూనె లాంటిది కలిపితేనే షీట్ అయితది. ఇన్నేండ్లు పెట్రోలియంతోని చేసింది కలిపినం. ఇగ చేలల్ల పండింది కలుపుదాం" అన్నారు, కిటికీలోంచి సోయా చేల వైపు చూస్తూ.

పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుల్లో ఆ పాత రసాయనాలు వద్దని తల్లులు గట్టిగా అడుగుతున్న రోజులవి. పసిపిల్లల కింద పరిచే మ్యాట్లు చేసే కంపెనీ ఒకటి మా సోయా షీట్ కావాలని ముందుకొచ్చింది. ఆ చలికాలమంతా మేం ఒక కలలో బతికినట్టే గడిపాం. వేడి రోలర్ల మధ్య నుంచి షీట్ జారి వస్తుంటే, గంజి పెట్టని నూలు చీర ఎవరో మెల్లగా విప్పుతున్నట్టుండేది. బయట మంచు, లోపల వేయించిన గింజల వాసన. వసుంధర గారు కళ్లు మూసుకుని షీట్ అంచును వేళ్లతో తడుముతూ ఎక్కడో దూరంగా ఉండేవారు. షీట్ వేడికి తట్టుకుంటుందో లేదో చూసే ఓవెన్ పరీక్షలన్నీ బాగానే వచ్చాయి.

కానీ ఆవిడ ఒక ముక్కను ల్యాబ్ కిటికీకి వేలాడదీశారు. ఎండలు ముదిరాక ఒక ఉదయం దాన్ని ముట్టుకుని, వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకుని, నా వైపు చూశారు. నేనూ ముట్టుకున్నాను. జిడ్డు. వెలుతురు తగిలేకొద్దీ నూనె షీట్ లోంచి పైకి చెమటలా ఊరుతోంది.

కంపెనీ వాళ్లతో మీటింగ్ ఆ వారమే. నా గ్రీన్ కార్డ్ ఫైల్ ఆ ప్రాజెక్ట్ మీదే ఆధారపడి ఉంది. కార్‌లో వెళ్తుండగా ధైర్యం చేసి అడిగాను. "ఆంటీ, ముందు ఆర్డర్ రానివ్వండి. తర్వాత సరిచేసుకుందాం. వాళ్ల టెస్టులన్నీ పాసయ్యాం కదా."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "పసిపిల్లలు దాని మీద బోర్ల పండుకుంటరు, సుధా. అది గూడ పక్కకు పెట్టు. మొక్కల నూనెతోని చేసింది జిడ్డు కారుతదని ఒక్కసారి పేరు పడ్డదంటే, మళ్ల ఎవ్వరు దాని జోలికి రారు. మన తర్వాతోళ్లకు గూడ తలుపు మూసినట్టే."

మీటింగ్‌లో, మా వైస్ ప్రెసిడెంట్ మాట్లాడుతుండగానే, ఆవిడ సంచిలోంచి ఆ కిటికీ ముక్క తీసి బల్ల మీద పెట్టారు. "దయచేసి ముట్టుకుని చూడండి" అన్నారు ఇంగ్లీషులో, వచ్చినవాళ్లకు మిఠాయి పెట్టినంత మామూలుగా. ముక్క చేయి మారుతూ వెళ్లింది. అందరూ వేళ్లు చూసుకున్నారు.

ఆర్డర్ రాలేదు. ప్రాజెక్ట్ కుదించేశారు. నన్ను ఫ్యాక్టరీలో క్వాలిటీ పనికి మార్చారు, గ్రీన్ కార్డ్ మాట వెనక్కి పోయింది. కొన్నాళ్లు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ మాత్రం రోజూ లంచ్ డబ్బా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని, నేను మాట్లాడినా మాట్లాడకపోయినా తినేవారు. ఒకరోజు తింటూ తింటూ ఆగిపోయి తనలో తానే నవ్వుకున్నారు. "ఆముదం చెట్ల నడుమ పుట్టి పెరిగిన. సోయా చేలు చూసుకుంట ఆముదాన్నే మరిచిన, చూడు!"

ఆముదం గింజల నూనెతో మళ్లీ మొదలుపెట్టాం, నా పని అయ్యాక మిగిలిన వేళల్లో. ఆ మధ్యలోనే ఆవిడకు క్యాన్సర్ అని తెలిసింది. మందులు రోగాన్ని అదుపు చేశాయి కానీ, వేలి కొసల్లో స్పర్శను తీసుకుపోయాయి. ఆవిడ ఇంటి వెనక చెక్క డెక్ మీద, మేపుల్ ఆకుల నీడలో, దండెం మీద మా షీట్ ముక్కలు ఊగుతుండేవి. ఆవిడ కుర్చీలో శాలువా కప్పుకుని అడిగేవారు: "నా వేళ్లు ఇగ చెప్పవు. నువ్వు ముట్టుకొని చెప్పు."

మొదటి ముక్కను వేళ్లతో తడిమి చూశాను. ఆవిడ ముఖంలోకి చూస్తూ 'పొడిగా ఉంది ఆంటీ' అనెయ్యాలనిపించింది. "కొంచెం అంటుతోంది" అన్నాను. ఆవిడ ముఖం వాడిపోలేదు. వెలిగింది. "మంచిది. ఇగ నేను లేకున్నా నువ్వు ఈ పని చెయ్యగలవు" అన్నారు.

తర్వాతి ఏడు ఎండకూ మంచుకూ నిలిచిన ముక్క ఒకటి తీసుకుని వెళ్లాను. అప్పటికి ఆవిడ మంచం మీదే ఉంటున్నారు. పొడిగా ఉందని చెప్పాను. చేయి చాపి తీసుకుని, వేళ్లతో కాకుండా చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకున్నారు. కిటికీ బయట ఆకులు రాలుతున్నాయి. నిద్రపోయారేమో అనుకున్నాను. "మెత్తగున్నది" అన్నారు. ఆ చలికాలం దాటకుండానే వెళ్లిపోయారు. ఆ షీట్ తర్వాత ఆసుపత్రి పరుపుల తొడుగులైంది. పసిపిల్లల మ్యాట్లు చేయడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇప్పుడు అట్లాంటా దగ్గర ఒక చిన్న ల్యాబ్ నా చేతిలో ఉంది. మొన్న ఒక కొత్త కస్టమర్ వచ్చి కూర్చోగానే, మా షీట్ ఎంత చలి దాటితే బిగుసుకుపోతుందో ముందు అదే చెప్పాను. అతను నవ్వి, "మీరు అసలు అమ్మాలనే అనుకుంటున్నారా?" అన్నాడు.

"అవును. అందుకే ముందు చెప్పాను" అన్నాను.